మింగిన గాలం

మా ఊరు గోదావరి డెల్టాలో ఒక పంటకాలువ గట్టున ఉంటుంది. వెదురు గడ, తంగూసు, బెండు, నాలుగు వానపాములు ఉంటే చాలు, నా బాల్యంలో చేపల వేటకు అంతకు మించిన సరంజామా అక్కరలేదు. చేప గాలాన్ని కడుపులోకి మింగేసినా చింత ఉండేది కాదు. ఎలాగూ పులుసులోకి వెళ్ళవలసినదే కదా! కత్తిపీట ముందు కూర్చున్న నాన్నమ్మ పొట్ట కోసి, గాలాన్ని కడిగి, "ఇదిగోరా, పారేసుకోకు" అంటూ నా చేతికిచ్చేది. ఆ రోజుల్లో మాకు విలువైనది గాలమే.

ఇరవై ఏళ్ళ క్రితం కెనడాలోని ఒంటారియో చేరాను. వేసవి వస్తే సరస్సు ఒడ్డున కూర్చోవడం ఇక్కడా అలవాటైంది. అయితే పట్టిన చేపను తిరిగి నీటిలో వదలడం ఇక్కడ చాలామంది పాటించే పద్ధతి. పరిమాణం, కాలం వంటి నిబంధనల వల్ల కొన్నిటిని వదలక తప్పదు కూడా. పెదవికి గుచ్చుకున్న గాలాన్ని తీయడం క్షణాల మీద పని. చిక్కంతా అది గొంతు దిగినప్పుడే.

2008 వేసవిలో నాకు ఆ చిక్కు ఎదురైంది. మా అబ్బాయితో కబుర్లలో పడి, బెండు మునగడం ఆలస్యంగా చూశాను. లాగితే అరచేతిలో ఇమిడేంత బ్లూగిల్ చేప. నోరు తెరిచి చూస్తే తంగూసు లోపలికి పోయి ఉంది కానీ గాలం జాడ లేదు. పాపం, దానికి బాధ మిగల్చకూడదనుకున్నాను. పొడి చేతులతో గట్టిగా పట్టుకుని, సన్నమూతి పటకారు దూర్చి, అటూ ఇటూ తిప్పి, చివరికి పెరికాను. మొప్పల నుండి నెత్తురు కారింది. నీటిలో వదిలితే కాస్త దూరం ఈది వెల్లకిలా తేలింది.

"నాన్నా, గాలం తీసేశావుగా! మరి ఎందుకు చచ్చిపోయింది?" అన్నాడు వాడు.

జవాబు తరువాత తెలిసింది. చేప గుండె మొప్పల వెనుక, గొంతుకు దిగువనే ఉంటుంది. గాలపు మొనకు వెనుదిరిగి ఉండే చిన్న ముల్లు, లాగినకొద్దీ అక్కడి మెత్తని భాగాలను చీల్చుకుంటూ వస్తుంది. పొడి చేతులకు అంటుకుపోయే ఆ జిగురు పొర చేపను రోగాల నుండి కాపాడే కవచం. 2009లో కెనడా పరిశోధకులు ఇదే బ్లూగిల్ మీద ఒక అధ్యయనం ప్రచురించారు. గొంతు దిగిన గాలాన్ని పెరికిన చేపలకన్నా, దారం తెంపి వదిలినవే ఎక్కువగా బతికాయి. అలా వదిలినవాటిలో సగానికి పైగా 10 రోజులలో గాలాన్ని తామే వదిలించుకున్నాయి.

ఆ రోజు నేను తీయబోయింది చేప బాధనా, నా చేతి తప్పు ఆనవాలునా? రెండవదేనని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు.

అప్పటి నుండి గాలం కనబడకపోతే పటకారు జోలికి పోను. చేతులు తడుపుకుని, చేపను నీటిలోనే ఉంచి, నోటికి వీలైనంత దగ్గరగా దారం కత్తిరిస్తాను. మొన లోపలికి తిరిగిన గుండ్రటి గాలాలు వాడతాను. అవి ఎక్కువగా దవడ మూలనే పడతాయి. ఆ చిన్న ముల్లును ముందే పటకారుతో నొక్కేస్తాను. కబుర్లు ఎన్ని ఉన్నా బెండు మీద నుండి చూపు తిప్పను. ఇంత చేసినా కొన్ని చనిపోతాయి. నెత్తురు ధారగా కారుతున్న చేపను, నిబంధనలు ఒప్పుకుంటే, ఇంటికి తెచ్చి వండుకోవడమే న్యాయమని నా అభిప్రాయం.

మొన్న వేసవిలో సెలవులకు వచ్చిన మా అబ్బాయి అలాగే దారం కత్తిరించి ఒక చేపను వదిలాడు. తోక విదిల్చి లోతుకు పోయింది. బతికిందో లేదో మాకు తెలియదు. నాన్నమ్మ ఉండి ఉంటే మాత్రం, గాలం పోగొట్టినందుకు ఇద్దరినీ కోప్పడేది.