చిన్నరసం, సుబ్బారావు, మన కణం

చిన్నరసాన్ని కోసుకు తినేవాళ్లతో నాకు మాటల్లేవు. చాకుతో ముక్కలు చేసి, ప్లేట్లో సర్ది, ఫోర్కుతో గుచ్చుకు తినే బంధువులు మీకూ ఒకరిద్దరు ఉండే ఉంటారు. వాళ్ల సంగతి మనకెందుకు లెండి. నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట వైపు పెరిగినవాళ్లు ఏం చేస్తారంటే, ముందు పండుని కాసేపు నీళ్లలో పడేస్తారు. తీసి రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, తోలు చిట్లకుండా చుట్టూ మెల్లగా పిసుకుతారు. ముచ్చిక దగ్గర చిన్న గాటు పెట్టి, సొన రెండు బొట్లు పిండి పారబోసి, అప్పుడు నోటికి ఆనిస్తారు. మోచేతి దాకా కారకపోతే అది రసమే కాదు.

ఆ పిసకడంలో మీరు చేస్తున్న పనేమిటో తెలుసా? కొన్ని లక్షల కణాలను పగలగొడుతున్నారు. మామిడి గుజ్జులో ఒక్కో కణం నడుమ పెద్ద నీటి సంచి ఒకటి ఉంటుంది. రిక్తిక అని ఎనిమిదో తొమ్మిదో క్లాసులో బొమ్మ గీశాం, గుర్తుందా? తీపీ పులుపూ చాలావరకు అందులోనే ఉంటాయి. కణం చుట్టూ గట్టి గోడ, గోడకీ గోడకీ మధ్య పెక్టిన్ అనే బంక. పచ్చికాయలో ఆ బంక బిగిసి ఉంటుంది కాబట్టే ఆవకాయ ముక్క కత్తిపీటకి టకటకమని తెగుతుంది. కాయ పండే వేళకి ఎంజైములు ఆ బంకని కరిగిస్తాయి, పిండి చక్కెరవుతుంది, పచ్చగా ఉన్న హరితరేణువులే ఆ పచ్చదనం పోగొట్టుకుని కెరోటిన్ నింపుకుని పసుపు తిరుగుతాయి. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి, తీరిగ్గా జరగాలి. కార్బైడు పొట్లం పెట్టిన కాయలో తోలు రంగు మారుతుంది గానీ లోపలి పని సగంలో ఆగిపోతుంది. అందుకే చూపుకి పండు, నోటికి చప్పిడి. పైగా కార్బైడులో ఆర్సెనిక్ జాడలుంటాయి. చట్టం దాన్ని నిషేధించింది, అయినా అక్కడక్కడా వాడుతూనే ఉన్నారు.

సరే, మామిడి కణం సంగతి అది. దాన్ని జుర్రుకుంటున్న మన కణం మాటేమిటి? చుట్టూ గోడ లేదు, హరితరేణువు లేదు, నడుమ ఆ పెద్ద నీటి సంచీ లేదు. ఈ మూడూ పక్కన పెడితే లోపలి సామాను దాదాపు ఒకటే అంటే నమ్ముతారా? కేంద్రకం ఉంది. మన కేంద్రకంలో 46 క్రోమోజోములు, వాటిలోని డీఎన్ఏ అంతా సాగదీస్తే సుమారు రెండు మీటర్లు. ఆ రాత చూసి ప్రొటీన్లు అల్లే రైబోజోములు రెండింటిలోనూ ఉన్నాయి. వాటి నిర్మాణం తేల్చినందుకే మన పొరుగు చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్‌కి 2009లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. అల్లిన ప్రొటీన్లను మడిచి, సరిచూసి, ఎక్కడికి వెళ్లాలో అక్కడికి పంపడం అంతర్జీవద్రవ్య జాలం, గాల్జి సంక్లిష్టాల పని. మొదటిదాని పేరు రాసేసరికే మాకు పరీక్షలో సగం టైము అయిపోయేది. పాతబడినవాటిని అరిగించి మళ్లీ వాడుకునేలా చేసేవి మన కణంలో లైసోజోములు.

గోడ లేకపోవడం చిన్న విషయం కాదు. అందుకు నూజివీడు నర్సరీకి పోదాం రండి. టెంక పాతి మొలిపించిన మామిడి మొక్కని పెన్సిలంత లావు కాగానే ఏటవాలుగా చెక్కుతారు. బంగినపల్లి చెట్టు నుంచి తెచ్చిన పుల్లని అదే వాలులో చెక్కి, రెండు గాయాలూ కలిసేలా ఆనించి ప్లాస్టిక్ టేపు బిగుతుగా చుడతారు. అనుభవజ్ఞుడి చూపంతా బెరడు కింద తడితడిగా ఉండే ఆ సన్నటి పొర మీదే. పై పుల్లలోని పొరా కింది మొక్కలోని పొరా ఎదురెదురుగా పడ్డాయా లేదా అన్నదే లెక్క. పడితే అక్కడి కణాలు చీలి, చీలి, మధ్య సందుని పూడ్చి, నీళ్ల గొట్టాలు కలుపుకుంటాయి. కొన్ని వారాల్లో చిగురు. కింద వేరు ఏ రకానిదైనా పైన కాసేది బంగినపల్లే, ఎందుకంటే ఆ పుల్లలో ప్రతి కణం కేంద్రకంలోనూ బంగినపల్లి రాతే ఉంది. అదే టెంక పాతి వదిలేస్తే మాత్రం తల్లి రుచి వస్తుందన్న భరోసా లేదు. ఏ ఈగ ఏ చెట్టు పుప్పొడి తెచ్చిందో ఎవరికి తెలుసు?

మరి మనిషికి మనిషి మూత్రపిండం అంటు కడితే ఇంత సులువుగా ఎందుకు అతకదు? మన కణాలను చుట్టి ఉండేది కొవ్వుతో చేసిన పలచటి పొర ఒక్కటే. ఆ పొర మీద ఎవరి ప్రొటీన్ గుర్తులు వాళ్లవి. గోడ లేని తెల్లరక్తకణాలు రక్తనాళాల సందుల్లోంచి దూరి ఒళ్లంతా తిరుగుతూ ఆ గుర్తులు తడిమి చూస్తాయి. పరాయిది కనిపిస్తే ఊరుకోవు. అందుకే కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఆ కిడ్నీ ఉన్నన్నాళ్లూ మందులు వాడాలి. మామిడిలో ఏ కణమూ తన గోడ దాటి కదలదు, వెతికి పట్టుకునేవాళ్లే లేరు. అలాగని మామిడి మీద జామ అంటు కట్టబోకండి, ఆ మాత్రం కులగోత్రాలు దానికీ ఉన్నాయి.

ఇక మైటోకాండ్రియా. మనం తిన్న రసంలోని చక్కెర కణంలో కొంత విరిగి ఇక్కడికి చేరుతుంది, పీల్చిన ప్రాణవాయువు ఖర్చయ్యేదీ ప్రధానంగా ఇక్కడే. దీనికి రెండు పొరలు, లోపలి పొర మడతలు మడతలుగా ఉంటుంది. ఆ మడతల మీద నిజంగా గిరగిరా తిరిగే ఒక ప్రొటీన్ యంత్రం ఏటీపీ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. కండ కదలాలన్నా, నరం మాట మోయాలన్నా ఆ ఏటీపీయే ఖర్చు పెట్టాలి. ఒంట్లో ఏ క్షణానైనా ఉండేది చాలా కొంచెమే, కానీ అదే విరిగి మళ్లీ తయారవుతూ రోజు మొత్తం మీద పదుల కిలోలవుతుంది. మైటోకాండ్రియాకి సొంతంగా 37 జన్యువుల చిన్న డీఎన్ఏ ఉంది, అది అమ్మ నుంచే వస్తుంది. నాన్నగారి వాటా సున్నా.

ఏటీపీని కండరంలో కనిపెట్టినవాళ్లలో ఒకాయన మన పక్క ఊరాయనే. ఎల్లాప్రగడ సుబ్బారావు, భీమవరంలో 1895లో పుట్టారు. పదమూడేళ్ల వయసులో కాశీ యాత్రికులకి అరటిపళ్లు అమ్మి డబ్బు చేసుకుందామని ఇంట్లోంచి పారిపోబోయారట. మామిడిపళ్లన్నా కాదు, అరటిపళ్లు! మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టి తెల్లదొర ప్రొఫెసర్ కోపానికి గురై, ఎంబీబీఎస్ బదులు తక్కువ పట్టాతో సరిపెట్టుకున్నారు. 1923లో అమెరికా చేరి హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే వీళ్ల పద్ధతి 1925లో వచ్చింది, ఫాస్ఫోక్రియాటిన్ 1927లో. ఏటీపీ 1929లో, అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని పట్టుకున్నారు.

నా మటుకు నాకు ఏటీపీ కన్నా ఆయన తర్వాత చేసిన పనే గొప్పది. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆయనకీ వచ్చింది, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. స్ప్రూ వస్తే పేగు ఫోలిక్ ఆమ్లాన్ని పీల్చుకోలేదు. అది లేనిదే కణం చీలేముందు డీఎన్ఏకి రెండో ప్రతి రాసుకోలేదు. మన ఒంట్లో దాదాపు 30 లక్షల కోట్ల కణాలుంటే నూటికి ఎనభైకి పైగా ఎర్రరక్తకణాలే. కేంద్రకమూ మైటోకాండ్రియా కూడా వదిలేసుకుని, సుమారు 120 రోజులు తిరిగి రాలిపోతాయవి. వాటి స్థానంలో సెకనుకి 20 లక్షలకి పైగా కొత్తవి పుట్టాలి. ఫోలిక్ ఆమ్లం తగ్గితే మొదట దెబ్బ తగిలేది అక్కడే.

1940లో లెడర్లీ మందుల కంపెనీకి మారిన సుబ్బారావు, తన బృందంతో 1945 నాటికి ఆ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. తర్వాతి ఏళ్లలో స్ప్రూ రోగులు దానితోనే కోలుకున్నారు, అన్నదమ్ములకి అందనిది ఊరికి అందింది. అక్కడితో ఆగలేదు. చూడటానికి ఫోలిక్ ఆమ్లంలాగే ఉండి పని చేయని నకిలీలు కూడా తయారుచేయించారు. అడ్డూ అదుపూ లేకుండా చీలే కేన్సరు కణం వాటిని మింగి ఆగిపోతుంది. అలాంటి ఒక నకిలీతోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు పిల్లలకి 1947-48లో మొదటిసారి ఊరట చూపించారు. ఆ కుటుంబంలోని మెథోట్రెక్సేట్ ఇవాళ కేన్సరుకే కాదు, కీళ్లవాతానికీ మీ వీధి మందుల షాపులో దొరుకుతుంది. సుబ్బారావు 1948లో న్యూయార్క్‌లో పోయారు, వయసు 53.

మామిడిపండులోనూ ఫోలిక్ ఆమ్లం జాతిదే ఉంది కదా, తింటే చాలదా అంటారేమో. వంద గ్రాముల గుజ్జులో దాదాపు 40 మైక్రోగ్రాములు. పిల్లల కోసం చూస్తున్న ఆడపిల్లకి రోజుకి 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోమంటారు డాక్టర్లు. అంత రావాలంటే రోజూ కిలో గుజ్జు జుర్రాలి, అదీ ఏడాదంతా. ఆ ఆమ్లం అవసరపడే, బిడ్డ వెన్నుపాముకి పునాది అయిన గొట్టం కడుపులో పడ్డ నాలుగు వారాల్లోపే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. కాబట్టి మీ ఇంట్లో కొత్త కోడలో, కూతురో ఉంటే డాక్టరునడిగి ఆ మాత్ర ముందే మొదలుపెట్టించండి. చిన్నరసాలు ఎటూ పెడతారు.