మంచు కోసం కాచుకున్న ఊరు

హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్ జ్ఞాపకం వస్తాడు. పచ్చిక మైదానం, వంపు కర్ర, తెల్లబంతి కళ్ళకు కడతాయి. అమెరికా ఉత్తరపు కొసలో మాత్రం ఉత్త హాకీ అంటే మంచుగడ్డ మీద ఆడే ఆటే. అక్కడ బంతి లేదు. అరచేతిలో ఇమిడే నల్లని రబ్బరు బిళ్ళ ఉంటుంది, దాన్ని ‘పక్’ అంటారు. జట్టుకు ఆరుగురు చొప్పున, బూట్ల కింద ఉక్కు పలకలతో జారుతూ, ఇరవయ్యేసి నిమిషాల విడతలు మూడు ఆడతారు.

డబ్బు తీసుకుని ఆడే హాకీకి పుట్టిల్లని పేరు పడ్డ హోటన్ అనే ఊళ్ళో, 2025 సెప్టెంబరులో పది రోజులున్నాను. మా మేనల్లుడు అక్కడి మిషిగన్ టెక్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతున్నాడు. పందేలు అక్టోబరులో గాని మొదలు కావు. అయినా ఊరు ఊరంతా నెల ముందే పెళ్ళివారిల్లులా ఉంది.

మిషిగన్ రాష్ట్రం రెండు ముక్కలు. డిట్రాయిట్ వంటి మహానగరాలన్నీ కింది ముక్కలో ఉన్నాయి. పై ముక్కంతా అడవులు, సరస్సులు. జనం మొత్తం మూడు లక్షలు. ఆ పై ముక్కలోంచి సుపీరియర్ సరస్సులోకి వేలు చాపినట్టు సాగిన నేలను కీవెనా అంటారు. హోటన్ అక్కడ ఉంది. ఒకే రాష్ట్రమన్న మాటే గాని డిట్రాయిట్‌కు 550 మైళ్ళ దూరం. ఊరు ఒక జలమార్గం ఒడ్డున, కొండవాలు మీద ఉంటుంది. ఆవలి ఒడ్డున హాన్‌కాక్. రెంటినీ కలుపుతూ 1959లో కట్టిన వంతెన, ఓడ వచ్చినప్పుడు నడిమిభాగం నిలువునా పైకి లేచి దారి ఇస్తుంది.

ఈ ప్రాంతంలో చలికాలం మొత్తంలో 200 అంగుళాలకు పైగా మంచు పడుతుంది. రోడ్డు పక్కన ఒకచోట ధ్వజస్తంభమంత కొలబద్ద పాతారు. 1978–79 చలికాలంలో పడిన 390 అంగుళాల గుర్తు చూడాలంటే తల పూర్తిగా వెనక్కి వాల్చాలి. అంత మంచులో మనుషులు ఎందుకు కాపురం పెట్టారయ్యా అంటే, రాగి కోసం. డగ్లస్ హోటన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1841లో ఇచ్చిన నివేదికతో ఇక్కడి రాగి సంగతి లోకానికి తెలిసింది. ఊరిపేరు ఆయనదే. కార్న్‌వాల్ నుంచీ ఫిన్‌లాండ్ నుంచీ గనిపనివారు గుంపులుగా దిగారు.

రాగి డబ్బు వెంట హాకీ వచ్చింది. గిబ్సన్ అనే కెనడా పళ్ళ డాక్టరు ఇక్కడ వైద్యం పెట్టుకుని, దానితోపాటు పోర్టేజ్ లేక్ అనే జట్టునూ పెంచాడు. 1904లో ఈ జట్టూ, పక్క ఊరు క్యాల్యుమెట్, ఇంకో మూడు ఊళ్ళ జట్లూ కలిసి, ఆటగాళ్ళకు బాహాటంగా జీతాలిచ్చే మొట్టమొదటి హాకీ లీగును స్థాపించాయి. అంతకు ముందు డబ్బు తీసుకుంటే పరువు తక్కువ. కెనడా నుంచి మేటి ఆటగాళ్ళు ఈ గనుల ఊళ్ళకు జీతాల కోసం వలస వచ్చారు. మూడేళ్ళకే, 1907లో లీగు మూతపడింది. కాలక్రమాన గనులూ మూతపడ్డాయి. పెద్ద కంపెనీ క్యాల్యుమెట్ అండ్ హెక్లా 1968తో చాలించుకుంది. డబ్బు వెళ్ళిపోయింది, ఆట ఉండిపోయింది.

ఆ ఉండిపోయిన ఆటను పెంచి పోషించింది కాలేజీ. 1885లో గనుల విద్యకోసం పెట్టిన ఆ బడే ఇప్పటి మిషిగన్ టెక్. హాకీ జట్టు 1919 నాటిది. 1956 నుంచి 1982 దాకా జాన్ మాకినిస్ అనే కోచ్ 555 పందేలు గెలిపించి, 1962, 1965, 1975లలో జాతీయ విజేతగా నిలబెట్టాడు. 1965 జట్టులోని గోల్‌కీపరు టోనీ ఎస్పొసీటో తరవాత వృత్తి హాకీలో మహామహుల సరసన చేరాడు. ఈ పై ముక్కలోనే ఉన్న మరి రెండు చిన్న కాలేజీలలో, నార్తర్న్ మిషిగన్ 1991లోనూ, లేక్ సుపీరియర్ స్టేట్ 1988, 1992, 1994లలోనూ గెలిచాయి. మూడు లక్షల జనానికి ఏడు జాతీయ విజయాలు! కాని ఏడవది 1994లో వచ్చింది. ఆ తరవాత ఇటువైపు రాలేదు.

మా మేనల్లుడు నన్ను మాకినిస్ పేరనే ఉన్న ఆటశాలకు తీసుకువెళ్ళాడు. నాలుగు వేల పైచిలుకు మంది పడతారు. బయట నేను సన్నని స్వెట్టరుతో తిరుగుతున్నాను, లోపల నేలంతా మంచు. సిమెంటు గచ్చులో పరచిన గొట్టాల గుండా చల్లని ద్రవం పారిస్తారు. దానిమీద నీళ్ళు పలచగా చల్లి, గడ్డకట్టాక మళ్ళీ చల్లుతారు. నడుమ ఒక పొరకు తెల్లరంగు వేసి, ఎర్రగీతలు, నీలిగీతలు గీసి, ఆపైన మళ్ళీ నీళ్ళు. ఇన్ని పొరలు వేసినా దళసరి అంగుళం మాత్రమే. ఆ అంగుళం మీదే ఊరి ఆశలన్నీ.

ఈ రోజుల్లో అక్కడ జరిగే తంతు ఒకటి నన్ను ఆకర్షించింది. సీజను ముందు లీగులోని కోచ్‌లందరూ ఓట్లు వేసి, ఈ ఏడు ఎవరు ఏ స్థానంలో నిలుస్తారో వరస చెబుతారు. అచ్చం మన ఉగాది పంచాంగశ్రవణమే! ఆదాయం: కొత్తగా చేరిన కుర్రవాళ్ళు. వీరు పసివాళ్ళు కారు. చాలామంది జూనియర్ జట్లలో ఒకటి రెండేళ్ళు ఆడి, ఇరవయ్యో ఏట కాలేజీలో అడుగుపెడతారు. వ్యయం: చదువు ముగించినవారు, వృత్తి జట్లకు వెళ్ళినవారు, మరో కాలేజీకి మారినవారు. ఇక రాజపూజ్య అవమానాలు మార్చి దాకా గాని తేలవు. అప్పుడు దేశం మొత్తం మీద పదహారు జట్లకే జాతీయ పోటీలో చోటు. మిషిగన్ టెక్ 2022, 2023, 2024లలో వరసగా ఆ చోటు సంపాదించింది, 2025లో తప్పిపోయింది. ఎనిమిదేళ్ళుగా ఉన్న కోచ్ జో షాహన్ స్థానంలో, ఇదివరలో ఇక్కడే సహాయకుడుగా పనిచేసిన బిల్ మకాల్ట్ వచ్చాడు. కొత్త రాజు, కొత్త మంత్రి అన్నమాట.

కాని ఆ ఏటి పంచాంగంలో అసలు విశేషం వేరే ఉంది. 2021కి ముందు కాలేజీ మారిన హాకీ ఆటగాడు ఒక ఏడాది ఆడకుండా కూచోవాలి. ఆ ఏడు ఆ నియమం తీసేశారు. అదే ఏడు విద్యార్థులు తమ పేరునుబట్టి వ్యాపార ప్రకటనల ద్వారా డబ్బు సంపాదించుకోవచ్చునన్నారు. కెనడాలోని పెద్ద జూనియర్ లీగులలో ఆడినవారిని ‘డబ్బు ముట్టినవారు’ అని కాలేజీలు దశాబ్దాలుగా దూరం పెట్టాయి. 2025 ఆగస్టు 1 నుంచి ఆ తలుపూ తెరిచారు. ఆ జూలైలోనే కెనడా కుర్రవాడు గావిన్ మెకెన్నా, వేలం వెర్రిగా అందరూ కోరుతున్నవాడు, పెన్ స్టేట్ యూనివర్సిటీని ఎంచుకున్నాడు. ఒక కోటీశ్వరుడి విరాళంతో 2013లో కట్టిన ఆటశాల ఉన్న చోటు అది.

విధి చిత్రం చూడండి. 1904లో జీతమిచ్చి కెనడా ఆటగాళ్ళను రప్పించిన ఊరు ఇది. నూరేళ్ళు దాటాక డబ్బు మళ్ళీ ఆటలోకి వచ్చింది. ఈసారి రాగి లేదు. ఏడు వేల పైచిలుకు విద్యార్థులున్న ఇంజనీరింగు కాలేజీ మహా విశ్వవిద్యాలయాలతో వేలం పాడగలదా?

ఒక మధ్యాహ్నం పాస్టీలమ్మే దుకాణంలో కూచున్నాం. పాస్టీ అంటే కజ్జికాయ ఆకారంలో, అరచేతికి మించిన పరిమాణంలో, లోపల మాంసమూ ఉర్లగడ్డా పెట్టి కాల్చిన గనిపనివారి తిండి. పక్క బల్ల దగ్గర ఫిన్‌లాండ్ సంతతి పెద్దాయన ఒకరు పరిచయమయ్యారు. చిన్నప్పటినుంచీ ఆట తప్పకుండా చూస్తున్నవారు.

“ఈ ఏడు మీవాళ్ళు గెలుస్తారా?” అని అడిగాను.

“గెలిచిన ఏడూ చలి అంతే, ఓడిన ఏడూ అంతే. మేం ఎట్లాగూ వెళతాం,” అన్నారాయన. కాసేపాగి కిటికీలోంచి ఆవలి ఒడ్డు చూపించారు. “అక్కడా ఒక కాలేజీ ఉండేది, తెలుసునా?”

తెలుసు. 1896లో ఫిన్నిష్ వలసవారు స్థాపించి, చివరకు ఫిన్‌లాండియా యూనివర్సిటీ అయిన సంస్థ, 2023లో అప్పుల భారంతో మూతపడింది. దానికీ ఒక హాకీ జట్టుండేది.

“మామయ్యా, ఓడిపోతామేమోనన్న భయం కాదు వీళ్ళది,” అన్నాడు మా మేనల్లుడు బయటికి వచ్చాక. “ఆడేందుకు జట్టంటూ లేకుండా పోతుందేమోనని.”

మిషిగన్ టెక్‌కు ఆ గండం దాపులో లేదు. కాలేజీ గట్టిది, చదువుకు మంచి పేరుంది. చారల పనిబట్టలు తొడుక్కుని బాకాలూదే విద్యార్థుల బ్యాండు గోలకు ఎదుటి జట్లు కలవరపడతాయని ప్రతీతి. డబ్బున్నవారు నాలుగు మెరికల్ని కొనుక్కున్నా, రెండు మూడేళ్ళు కలిసి ఆడిన జట్టు వాళ్ళను ఓడించడం ఈ ఆటలో వింత కాదు. ఒక్క గోల్‌కీపరు నిలిచిన రాత్రి లెక్కలన్నీ తలకిందులవుతాయి. నేను వచ్చేముందు నీటి ఒడ్డున డీ స్టేడియం చూశాను. గిబ్సన్ జట్టు ఆడిన పాత ఆటశాల 1927లో కాలిపోతే, అదే జాగాలో అదే ఏడు కట్టింది. చలికాలం వస్తే ఊరి పిల్లలు జారడం, పడడం, లేవడం నేర్చుకునేది అక్కడే. వాళ్ళకు జీతమిచ్చేవారెవరూ లేరు. తల్లిదండ్రులే ఫీజు కట్టి, తెల్లవారకముందే మంచు తవ్వి కారు బయటికి తీసి, వాళ్ళను దింపి వస్తారు. ఏ కోచ్ ఓటులోనూ లెక్కకు రాని ఆదాయం అది.