పేడ రాసిన చరిత్ర

కదిరి చుట్టూ ఏ గుట్ట ఎక్కి చూసినా కనిపించేది ముళ్లకంప, తంగేడు, బలుసు, నడుమ బోడి బండలు. మన సీమ ఎందుకిట్లా ఉందని ఎవరినడిగినా ఒకటే జవాబు: "వానల్లేవు గదా!" నిజమే, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. కానీ ఆ జవాబు సగమే. తక్కిన సగం మనిషీ, అతని వెంట నడిచిన గొడ్డూ కలిసి రాసిన చరిత్ర. దాన్ని చదవాలంటే బూడిదను తవ్వాలి.

కల్యాణదుర్గం దగ్గరి పాలవాయిలోనూ, బళ్లారి పక్కనున్న కుప్పగల్లులోనూ, కృష్ణా తుంగభద్రల నడుమ అనేక చోట్ల గుట్టల పాదాల దగ్గర బూడిద దిబ్బలున్నాయి. హంపి దగ్గరి నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన చోటని జనం చెప్పుకుంటారు. చూసిన దొరల్లో కొందరు అగ్నిపర్వతమన్నారు, కొందరు కొలిమి అన్నారు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త మాత్రం ఇది పశువుల దొడ్లలో పోగుపడి కాలిన పేడ అన్నాడు. 1957లో మహబూబ్‌నగర్ ప్రాంతపు ఉట్నూరులో రేమండ్ ఆల్చిన్ తవ్వి చూస్తే, బూడిద పొరల నడుమ పశువుల గిట్టల గుర్తులు కనిపించాయి. చుట్టూ కంచెకు గుంజలు పాతిన గుంతలు బయటపడ్డాయి. ఆ దొడ్డి ఎన్నోసార్లు కాలింది, ఎన్నోసార్లు మళ్లీ కట్టుకున్నారు. పశువులను మంట మీదుగా దూకించే పండుగ ఆచారాలతో ఆయన దీన్ని పోల్చారు. 1960లో జూనర్ అనే శాస్త్రవేత్త ఆ బూడిదను పరీక్షించి, అది పేడ బూడిదేనని తేల్చారు. గడ్డిలో ఇసుకకు మూలమైన సిలికా ఉంటుంది గనుక, పేడ గట్టిగా కాలితే అది కరిగి గాజులా గడ్డకడుతుంది. పాలవాయి తవ్వకాల మీద వి. రామిరెడ్డి గారి పుస్తకం 1976లో వెలువడింది. కర్ణాటకలోని బూదిహాళ్‌లో మన తెలుగువాడైన కె. పద్దయ్య గారు తవ్వారు.

ఇదంతా సుమారు క్రీ.పూ. 3000 నుంచి 1200 దాకా సాగిన కథ. అంటే ఇనుము రాకముందు, రాతి గొడ్డళ్ల కాలం.

సైన్సు చదివే నాకు ఇందులో ఆశ్చర్యం కలిగించింది బూడిద కాదు, దాని వెనకనున్న లెక్క. ఆవు పగలంతా గుట్టలన్నీ తిరిగి మేస్తుంది. రాత్రి ఒక్కచోట పడుకొని పేడ వేస్తుంది. పది గుట్టల సారం నాలుగు కాళ్ల మీద నడిచి ఒక్క దొడ్డిలోకి చేరుతుంది. ఏళ్ల తరబడి ఇట్లా జరిగితే గుట్ట చిక్కిపోతుంది, దొడ్డి బలుస్తుంది. మెత్తని గడ్డి నోటికి పోతే, గొడ్డు ముట్టని తంగేడు, ముల్లున్న చెట్టు మిగులుతాయి. పేడను కాలిస్తే అందులోని నైట్రోజన్ గాలిలో కలుస్తుంది. ఫాస్ఫరస్, కాల్షియం మాత్రం బూడిదలోనే నిలుస్తాయి.

అయితే పశువు నేలను పాడే చేస్తుందా? కెన్యాలోని నరోక్ ప్రాంతంలో పాత పశుపాలకుల దొడ్లున్న చోట్లను పరిశీలించి 2018లో "నేచర్" పత్రికలో ఒక వ్యాసం అచ్చువేశారు. మూడు వేల ఏండ్ల కిందటి పేడ అక్కడి నేలకు ఇచ్చిన బలం ఇంకా తగ్గలేదట. ఆ చోట్ల ఇప్పటికీ పచ్చిక బయళ్లున్నాయి. కాబట్టి పశువు సారాన్ని పుట్టించదు, మింగెయ్యదు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోస్తుంది. ఎక్కడ దించుకోవాలన్నది మనిషి చేతిలో ఉంది.

మన పెద్దలు ఆ కిటుకు పట్టుకున్నారు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు ఆ రాతియుగపు ఊళ్లలో దొరికిన గింజలే. మన మెట్ట చేలలో మొన్నమొన్నటిదాకా మెండుగా పండినవీ అవే. పేడను కాల్చేయకుండా దిబ్బలో మాగబెట్టి చేనికి తోలడం, గొర్ల మందను రాత్రిపూట చేలో ఆపించుకోవడం తర్వాత నేర్చిన విద్య. మా చేనిలో మంద నిలిచిన మేరకు బుడ్డల చెట్టు నల్లగా లేస్తుంది. దాని అంచు గీత గీసినట్టు కనిపిస్తుంది. ఏ ప్రయోగశాలా అంత స్పష్టంగా చూపలేదు.

బుడ్డల సేద్యంలోనూ ఈ చుట్టు ఉంది. కాయ సంతకు పోతుంది, కట్టె వామిలోకి పోతుంది, వామి ఎద్దుల కడుపులోకి, అక్కడి నుంచి దిబ్బకు, దిబ్బ నుంచి చేనికి. కదిరి పరిశోధన కేంద్రం వాళ్లు కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి మంచి రకాలిచ్చారు. విత్తనం ఎంత మంచిదైనా తినేది నేలనే గదా! ఇప్పుడు ట్రాక్టరు వచ్చింది, ఎద్దులు పోయాయి, కట్టె కూడా లారీకెక్కి పోతోంది. నాలుగు వేల ఏండ్లుగా తిరుగుతున్న చుట్టు మా కళ్లముందే తెగుతోంది.

మా ఇంట్లో మిగిలిన ఒక్క జత ఎద్దులనూ అమ్మేయాలని నాయన అంటున్నాడు. "వాటిని మేపే ఖర్చుతో ట్రాక్టరు రెండేండ్లు దున్నుతాది" అన్నది ఆయన లెక్క. మా అవ్వది ఒకటే మాట: "గొడ్డు లేని చేను గొడ్డు చేనే!" నాయన లెక్కలో డీజిలుంది, కూలి ఉంది, కానీ పేడ లేదు. పేడను కూడా వేసి కాగితం మీద రాసి చూపించాను. ఆయన కాసేపు చూసి, "ఈ కార్తెకు కట్టె అమ్మకుండా చూద్దాం లే" అన్నాడు.

ఎద్దులుంటాయో లేదో నేను చెప్పలేను. కానీ సేద్యం ఇండ్ల నుంచి వచ్చి ఈ కాలేజీలో చదివే మిత్రులను ఒకటి కోరుతున్నాను. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ చేని నుంచి బయటికి పోయేదెంత, తిరిగి వచ్చేదెంత, ఒక కాగితం మీద రాయండి. గొడ్డు ఖరీదు కట్టేటప్పుడు దాని పేడను మరవకండి.