ధ్వనిశాలలో పూర్వాపరములు

తెనాలి పట్టణమునకును పద్యనాటకమునకును గల అనుబంధము ఆంధ్రదేశమున ఎరుగనివారు లేరు. ఆ పట్టణమున ఒక మేడమీది గదిలో నెలకొనియున్న రికార్డింగు స్టూడియోలో, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములలోని రాయబార ఘట్టమును ఒక వృద్ధనటుని కంఠమున పదిలపరచు ప్రయత్నము సాగుచున్నదని విని, ఆ పని తీరు స్వయముగా చూడవలెనను కోరికతో ఒక వేసవి సాయంకాలమున అచ్చటికి వెళ్ళితిని. పద్యములు పాడుట అప్పటికే ముగిసినది. పాడినదానిని తీర్చిదిద్దుట మిగిలియుండెను; నేను చూడగోరినదియు అదియే.

ధ్వనిని దిద్దు సాధనములలో ముఖ్యమైనవి రెండు. మంద్ర మధ్య తార ధ్వనుల పాళ్ళను హెచ్చించి తగ్గించునది ఈక్వలైజరు. ధ్వని ఒక మేరను దాటి పెరిగినప్పుడు దానిని అణచునది కంప్రెసరు. ఆ మేరను త్రెషోల్డు అందురు. కంప్రెసరును 4:1 నిష్పత్తిలో నుంచినచో, మేరను 12 డెసిబెల్‌లు మీరిన ధ్వని 3 డెసిబెల్‌లు మీరినదిగా మాత్రమే వెలువడును. సంభాషణమువలె నెమ్మదిగా ఎత్తుకొన్న పద్యము నాల్గవ పాదము చివర రాగాలాపనకు వచ్చునప్పటికి గది దద్దరిల్లునంతటి స్థాయి కెక్కును గనుక, పద్యనాటక గాయకునికి ఈ రెండవ సాధనముతో పని అధికము.

ఈ రెండింటిలో ఏది ముందుండవలెనని నే నడిగితిని. స్టూడియో నడపు యువకుడు వెంటనే సమాధానము చెప్పక, "రెండు ఈక్వలైజర్లయితే ఏది ముందు పెట్టినా ఒకటేనండీ. కంప్రెసర్ దగ్గరే వస్తుంది తంటా" అనెను. ఆ మాట శాస్త్రసమ్మతము. ఈక్వలైజరు తన యొద్దకు వచ్చిన ధ్వని పెద్దదైనను చిన్నదైనను ఒకే పాళ్ళలో మార్చును. కంప్రెసరు అట్లుగాక, తాను ఎంత అణచవలెనో వచ్చిన ధ్వనినిబట్టియే నిర్ణయించుకొనును. ఆ ధ్వనిలో కంఠమేదో, కల్మషమేదో దానికి తెలియదు. కాబట్టి దాని చెవిని ఏది పడునో ఎంచుకొను భారము మనుష్యునిది.

అతడు దీనిని నాకు వినిపించియే చూపెను. నటుడు పాడునప్పుడు రంగస్థలపు అలవాటు చొప్పున కాలితో తాళము వేసియుండెను. ఆ చప్పుడు చెక్కపలకనుండి స్టాండు ద్వారా మైకున కెక్కి, 50 హెర్ట్జుల ప్రాంతమున బరువైన దెబ్బగా నిలిచియుండెను. మొదట కంప్రెసరును, దాని వెనుక 80 హెర్ట్జులకు దిగువనున్నదానిని తొలగించు హైపాస్ ఫిల్టరును ఉంచి పద్యము నడిపించెను. కాలిచప్పుడు పోయినది, అయినను దెబ్బ పడిన ప్రతిచోటను కంఠము ఒక్క క్షణము క్రుంగి లేచుచుండెను. "చప్పుడు వినబడుతోందా అండీ? లేదు కదా! మరి మాటెందుకు లోపలికి పోతోంది?" అని అడిగెను. దొంగ వెడలిపోయినను గోడకు కన్నము మిగిలినట్లు, కంప్రెసరు ఆ దెబ్బను విని కంఠముతో సహా సమస్తమును అణచివేసిన పిదప ఫిల్టరు వచ్చి దెబ్బను మాత్రమే తీసివేయగలిగినది. వరుస మార్చి, ఫిల్టరును ముందునకు తెచ్చి, అదే పద్యమును మరల నడిపించినప్పుడు కంఠము చెక్కుచెదరక సాగినది. గ్రంథములలో ఎన్నిసార్లు చదివినను ఇంత స్పష్టముగ మనస్సున కెక్కని విషయ మిది.

మైకునకు మిక్కిలి చేరువగా పాడుటచే పేరుకొన్న మంద్రపు బరువును గూడ అతడు అట్లే ముందుగా తగ్గించెను. తీసివేయవలసినవి ముందు, చేర్చవలసినవి తరువాత అనుట అతని సామాన్య నియమము. కంఠమునకు తళుకు నిచ్చు తారధ్వనులను కంప్రెసరునకు ముందే పెంచినచో శ ష స కారములు త్రెషోల్డును తాకి, తమ వెంటనున్న అచ్చులను గూడ క్రుంగదీయును. తరువాత పెంచినచో అవే ఊష్మములు అదుపులేక చెవిని గ్రుచ్చును. నిర్దోషమైన మార్గము రెంటను లేదు. ఇచ్చట అతడు రెండవదానినే ఎన్నుకొని, ఊష్మములను మాత్రమే అణచు డీఎస్సరును చివర చేర్చెను. నా చెవికిని అదియే మేలుగా తోచినది.

తబలా వంతు వచ్చినప్పుడు ఆ నియమము చాలలేదు. డగ్గా గుమికిలో నున్న మంద్రము కల్మషము గాదు, వాద్యమునకు ప్రాణము. దానిని ముందే కోయరాదు, కోయకున్నచో అది మ్రోగినప్పుడెల్ల కుడిచేతి దరువు క్రుంగును. ఇందులకు అతడు సైడ్‌చెయిను ఆశ్రయించెను. అనగా, బయటికి పోవు ధ్వనిని యథాతథముగా నుంచి, కంప్రెసరు వినునట్టి శాఖలో మాత్రము మంద్రమును తొలగించుట. ఈ ఉపాయము నూతనము గాదు. కాంతిఫలకమును, కాంతినిబట్టి మారు నిరోధకమును జతపరచి జేమ్స్ లారెన్స్ నిర్మించిన టెలిట్రానిక్స్ ఎల్‌ఏ-2ఏ అను 1960ల నాటి కంప్రెసరులో, అది తారధ్వనులను అధికముగ వినునట్లు చేయు చిన్న మర యొకటి కలదు. రేడియో ప్రసారముల అవసరమునకై అమర్చినది.

ఇంతలో నటుడు మెట్లెక్కి వచ్చి, తన పద్యమును కన్నులు మూసికొని వినెను. "అంతా శుభ్రంగానే ఉంది గాని, చివర నేనెత్తిన ఎత్తేది నాయనా? అంతా ఒక్క మట్టంగా వినబడుతోంది" అనెను. "నిజమే మాస్టారూ, గట్టిగా బిగించాను" అని యువకుడు నిష్పత్తిని 2:1 కు దించి, ఏ సాధనమును పద్యమును తాకకముందే, అక్కడక్కడ మరీ మిన్నంటిన మాటలను తన చేతితోనే కొంచెము తగ్గించి, ఆలాపన జోలికి పోక విడిచెను. యంత్రములన్నిటికంటె ముందు వరుసలో ఆ చేయి చేరుట నాకు సంతోషము కలిగించినది. నటుడు మరల విని, నాల్గవ పాదమున ఇంకొక వీసమెత్తు వదలుమనెను. యువకుడు త్రెషోల్డును రెండు డెసిబెల్‌లు పైకి జరిపెను.