నేను వేసిన ఎస్టిమేటు

విహారయాత్ర అనగానే అందరికీ ఉత్సాహమే గాని, లెక్క రాయమంటే కాగితం ముట్టుకునేవాడు ఉండడు. 2023 జనవరిలో మా తరగతి లేపాక్షి యాత్రకు ఆ కాగితం నా నెత్తిన పడింది. అర్థశాస్త్రం చదివేవాణ్ణి గదా, ఇదెంత పని అనుకున్నాను.

అనంతపురం నుంచి బెంగుళూరు దారిలో పెనుకొండ మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దాకా వెళ్ళి, అక్కడ పడమటికి తిరిగితే లేపాక్షి. రానూపోనూ సుమారు 250 కిలోమీటర్లు. దారి తప్పితేనో అని 280 వేశాను. 25 సీట్ల మినీబస్సు లీటరుకు ఆరు, ఏడు కిలోమీటర్లు ఇస్తుందన్నారు. నేను 5 వేశాను. డీజిల్ ధర వందకు కాస్త తక్కువే ఉంది. లెక్క సులువు కోసం వందే అనుకున్నాను. అంటే 56 లీటర్లు, 5,600 రూపాయలు. బాడుగ 7,000, డ్రైవరు బత్తా 500, టోలు 500, తిండికి తలా 100. మొత్తం 16,100. తలకు 644. దాన్ని 650 చేసి, ఎందుకైనా మంచిదని 700 అని నోటీసుబోర్డు మీద రాశాను.

పాఠక మిత్రులారా, ఆ “ఎందుకైనా మంచిది” అన్నమాట గుర్తుంచుకోండి.

మా గదిలోనే ఉండే మిత్రుడొకడు ఆ నోటీసు చూసి, “నాకు రికార్డు రాసే పనుందిలేప్పా, మీరు పోయి రాండి” అన్నాడు. వాళ్ళది కళ్యాణదుర్గం వైపు పల్లె. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన కురిసే జిల్లాలో, శెనక్కాయ పంట ఎండిపోయిన ఏడు ఆ ఇల్లు గడిచేది తల్లి ఉపాధిహామీ కూలితోనే. అప్పటి రేటు రోజుకు 257 రూపాయలు. నేను రాసిన 700 అంటే ఆమె దాదాపు మూడు రోజులు మట్టి మోయాలి. ఈ గుణకారం మాత్రం నా కాగితం మీద లేదు.

ఉదయం ఆరింటికి బయలుదేరి గంటకు 60 చొప్పున ఎనిమిదికల్లా చేరతామన్నాను. బస్సు కదిలేసరికే ఏడు. పెనుకొండలో కోట చూడాలని కొందరు, టీ తాగాలని కొందరు. చేరేసరికి పదిన్నర దాటింది. డ్రైవరన్న నవ్వి, “కిలోమీటర్లు బండివి సామీ, గంటలు మనుషులవి” అన్నాడు.

ఆయనే ఇంకో మాట చెప్పాడు. “డీజిల్ ఈడ పట్టియ్యొద్దు. చెక్‌పోస్టు దాటి కర్ణాటకలో పట్టిద్దాం.” రెండు రాష్ట్రాల పన్నుల తేడావల్ల అప్పట్లో అక్కడ లీటరు 88 రూపాయల లోపే. 38 లీటర్లు పట్టించాడు. ఖర్చు 3,344. రాత్రి తిరిగొచ్చేసరికి ముల్లు పొద్దున ఉన్న చోటే ఉంది.

లేపాక్షిలో నందిని చూశాం. ఒకే రాతిలో మలచినది, 27 అడుగుల పొడవు. ఆ తర్వాత వీరభద్రాలయంలో గైడు ఒక గోడ చూపించాడు. పదహారో శతాబ్దంలో గుడి కట్టించిన విరూపణ్ణ, రాజుగారి బొక్కసం సొమ్ము అనుమతి లేకుండా వాడాడన్న నింద పడి, తన కళ్ళు తానే పీకి ఆ గోడకేసి కొట్టాడట. ఆ ఎర్రని మరకలు అవేనని చెబుతారు. అందరూ అయ్యో అన్నారు. నేను మాత్రం జేబులోని లెక్కల కాగితం తడుముకున్నాను.

మరునాడు లెక్క తేల్చాను. 24 మంది ఇచ్చినది 16,800. అయిన ఖర్చు 13,744. మిగిలినది 3,056. వాడు కూడా వచ్చి ఉంటే తలకు 554 పడేది. పోనీ, వాడి దగ్గర దుడ్లే తీసుకోకుండా రమ్మని ఉన్నా, మిగులులో వంద తగ్గేది, అంతే! బస్సులో ఒక సీటు ఖాళీగానే పోయి ఖాళీగానే వచ్చింది.

ఆ డబ్బుతో బిరియాని తిందామన్నారు మావాళ్ళు. నేను కాదనలేదు. పిలిస్తే వాడూ వచ్చాడు. తింటూ తింటూ అడిగాడు, “ఏమప్పా, ఆ స్తంభం నిజంగానే నేలకు ఆనదా? కింద గుడ్డ దూరుతుందంటారే?”

“దూరుతుంది” అన్నాను. ముద్ద మింగుడు పడలేదు.

ఇప్పుడు ఎవరైనా ఎస్టిమేటు వేసిపెట్టమంటే ఉన్నదున్నట్టు వేస్తాను. చాలకపోతే తర్వాత పంచుకుందాం అంటాను. ముందుగా అందరి దగ్గరా ఎక్కువ వసూలు చేయడం లెక్క వేసేవాడికి సుఖమే. ఆ సుఖానికి ఖరీదు ఇచ్చేవాడు మాత్రం బస్సులో ఉండడు.