షరతు

మా అయ్య వేలిముద్ర మనిషి. సర్కారు ఆయనకిచ్చిన ఎకరం పట్టాని అమ్మ ట్రంకుపెట్టెలో దాచేది. 1999లో అక్క పెళ్లి అప్పు తీరక అయ్య ఆ ఎకరాన్ని తెల్లకాగితం మీద పటేలుకి అమ్మాడు. వేలిముద్ర వేయించుకున్నవాళ్లు పట్టాలో ఏముందో చదివి చెప్పలేదు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. టీచరు ఉద్యోగం వచ్చాక ఆ పట్టా చదివాను. వారసులు దున్నుకోవచ్చు, అమ్మకూడదు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం ఆ అమ్మకమే చెల్లదు. భూమిని పేదవాడికి వెనక్కి ఇప్పించొచ్చు. 2013లో తాసిల్దారుకి అర్జీ పెట్టాను. నోటీసు అందగానే పటేలు గూడెంలోకొచ్చాడు.

"షరతు తప్పింది మీ అయ్యే గదరా, మాస్టరూ!" అన్నాడు.

నిజమే. అయ్య తలెత్తలేదు. కానీ పద్నాలుగేళ్లు ఆ పంట తిన్నదెవరు?

మూడేళ్లు ఆఫీసు చుట్టూ తిరిగితే భూమి మా చేతికొచ్చింది. నిరుడు తమ్ముడు అప్పులపాలై, "అన్నా, అమ్మేద్దాం. ప్లాట్లకి మంచి రేటుంది" అన్నాడు. చట్టం తీసి వినిపించాను. తిరిగిచ్చేది ఒక్కసారే. మళ్లీ అమ్మితే సర్కారు పరం. బ్యాంకులో కుదువ పెట్టుకోవడానికి మాత్రం అదే చట్టం ఒప్పుకుంటుంది.

మంచమ్మీద నుంచి అయ్య అడిగాడు: "ఆ బ్యాంకు మాట అప్పుడు కూడా ఉందారా?"

"ఉందయ్యా."

ఆ రాత్రి అయ్య అన్నం ముట్టలేదు. ఇప్పుడు గూడెంలో ఎవరు ఏ కాగితం తెచ్చినా, వేలిముద్రకు ముందు మొత్తం చదివి వినిపిస్తున్నాను.