చప్పుడు ఎక్కడిది?



దేవుడు మోషే చేత రెండు వెండి బూరలు చేయించిన సంగతి సంఖ్యాకాండము పదియవ అధ్యాయములో చదువుతాము. సమాజమును కూర్చుటకు ఒక ఊత, ప్రయాణమునకు మరొక ఊత. బూర స్పష్టముగా మ్రోగనియెడల యుద్ధమునకు ఎవరు సిద్ధపడతారని పౌలు కూడా కొరింథీయులను అడిగాడు. కాబట్టి బూర శుభ్రముగా పలుకుట చిన్న సంగతి కాదు.

సువార్త పనిలో ఇత్తడి బ్యాండుకు మంచి చరిత్ర ఉన్నది. 1878లో ఇంగ్లండులోని సాలిస్‌బరీ పట్టణములో చార్లెస్ ఫ్రై అనే గృహనిర్మాణ మేస్త్రి, తన ముగ్గురు కుమారులతో కలిసి రక్షణ సైన్యము వారి వీధి కూటములలో వాయిద్యములు ఊదాడు. అక్కడినుండి ఆ సైన్యములో బ్యాండు అలవాటైనది. 1882లో రక్షణ సైన్యము మన దేశమునకు వచ్చినది. నేడు మన బ్యాండు వాయిద్యములకు పేరుపొందిన ఊరు మీరట్. అక్కడ తయారైన పాత యుఫోనియం ఒకటి మా సంఘములో ఉన్నది. దానిని ఊదే పెద్దాయనకు డెబ్బది దాటినవి.

పునరుత్థాన పండుగకు మూడు వారముల ముందు యౌవనస్థులు కొందరు మా యొద్దకు వచ్చారు. "అయ్యగారూ, తాతగారి ఊతలో జిరజిరమని చప్పుడు వస్తున్నది. ఊపిరి చాలటం లేదు. ఈసారి మీరే మానుకోమని చెప్పండి" అన్నారు. పండుగనాడు తెల్లవారుజామున బ్యాండుతో సమాధుల తోటకు వెళ్లుట మా ఊరి ఆచారము. ఆ పెద్దాయన భార్య సమాధి అక్కడే ఉన్నది. ఆ మాట ఆయనకు ఎలా తగులునో మాకు తెలుసు. "ఒక్క సాయంకాలము ఓపిక పట్టండి, ముందు చప్పుడు ఎక్కడిదో చూద్దాము" అని చెప్పాము.

మొదట ఆ వాయిద్యమునే ఒక యౌవనస్థునికి ఇచ్చి ఊదమన్నాము. అదే స్వరము దగ్గర అదే జిరజిర! ఊదే నోటి గొట్టము మార్చినా పోలేదు. సందేహము ఊపిరి మీదనుండి ఇత్తడి మీదికి మళ్లినది. తరువాత మందిరము బయటికి వచ్చి వాయించాము. ఎందుకంటే ఒక్కొక్కసారి ఊతకు కిటికీ అద్దమో, పక్కనున్న సైడు డ్రమ్ము కింది తీగలో అదురుతాయి. నింద మాత్రము ఊదేవాని మీద పడుతుంది. బయట కూడా చప్పుడు వచ్చినది.

అన్ని స్వరములకు రాక ఒక్కదానికే ఎందుకు వస్తుందని పిల్లలు అడిగారు. ఉయ్యాలను సరియైన సమయములో తోస్తేనే ఎత్తుకు ఊగుతుంది. ప్రతి వస్తువుకు తన సొంత ఊపు ఒకటి ఉంటుంది. ఆ ఊపుకు సరిపడే స్వరము వచ్చినప్పుడే వదులైన ముక్క అదురుతుంది.

ఆ పిమ్మట సుళువైన వాటితో మొదలుపెట్టాము. వాల్వుల పై మూతలు, కింది మూతలు, వేలితో నొక్కే బొత్తాములు చేతితోనే బిగించాము. పాటల కాగితము పెట్టే కమ్మీని తీసివేశాము. నీరు వదిలే మీట స్ప్రింగు, దాని కింది బెరడు బిళ్ల చూశాము. జారుడు గొట్టములకు కొంచెము వాజలైను రాశాము. చప్పుడు తగ్గలేదు. అప్పుడు పెద్దాయన ఆ స్వరమును దీర్ఘముగా ఊదుచుండగా, ఒక కుర్రవాడు వాయిద్యమంతటి మీద ఒక్కొక్క చోట వేలు అదిమి పట్టాడు. పెద్ద గొట్టమునకు, పక్క గొట్టమునకు మధ్యనున్న చిన్న ఇత్తడి కమ్మీ మీద వేలు పడగానే చప్పుడు ఆగినది! వేలు తీస్తే మళ్లీ జిరజిర. పైకి అతుకు బాగానే కనబడుతున్నది, లోపల మాటు విడిపోయి యున్నది. అంతవరకు తాతగారి ఊపిరిని గూర్చి మాట్లాడిన యౌవనస్థులలో ఒకడు మెల్లగా వెళ్లి ఆయనకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

మరునాడు ఇత్తడి సామానుకు మాట్లు వేసే పనివాని యొద్దకు తీసుకొని వెళ్లాము. అతడు పాత మాటును, మురికిని గీకి ఇత్తడి తళతళలాడువరకు శుభ్రము చేశాడు. ఇత్తడిలో వేడి త్వరగా పాకుతుంది గనుక పక్క అతుకులు కరగకుండా తడిగుడ్డ చుట్టాడు. కమ్మీకి, గొట్టమునకు మధ్య బియ్యపుగింజంత ఎడమున్నది. అతడు లాగి అతికించలేదు. సొట్టపడి వంగిన గొట్టమును నెమ్మదిగా సరిచేసి, కమ్మీ దానంతటదే ఆనిన తరువాతే వేడి పెట్టాడు. "బలవంతముగా పట్టి అతికిస్తే మళ్లీ ఊడుతుంది అయ్యగారూ" అన్నాడు.

ప్రియులారా, ఆ మాట మా హృదయములో నిలిచిపోయినది. మన సంఘములలోను, ఇండ్లలోను చప్పుడు పుట్టినప్పుడు వయస్సు మళ్లినవారి మీదనో, నోరులేని కోడలి మీదనో నింద వేయుట సుళువు. చప్పుడు వినబడిన చోటు ఒకటి, అతుకు విడిన చోటు మరొకటి కావచ్చును. దూరమునుండి కేకలు వేస్తే అది దొరకదు, దగ్గరకు వెళ్లి మెల్లగా చెయ్యి వేయాలి. తప్పు చేసిన సహోదరుని యొద్దకు ఒంటరిగా వెళ్లుమని ప్రభువు మత్తయి పదునెనిమిదవ అధ్యాయములో చెప్పిన మార్గము ఇదే గదా. విడిన వారిని కలుపునప్పుడు కూడా ముందు మధ్యనున్న వంకరను సరిచేయాలి. పదిమంది ఎదుట బలవంతముగా చేతులు కలిపించిన రాజీలు ఎక్కువ కాలము నిలువవు.

పండుగనాడు తాతగారి యుఫోనియం చీకటిలో తేటగా మ్రోగినది. మీ ఇంటిలో ఏదైనా చప్పుడు వినబడుచున్నదా? ఈ వారము ఎవరినీ నిందింపక ముందు, ఆ అతుకును వెదకండి. అందుకు కావలసిన ఓర్పును, మృదువైన చేతిని ప్రభువు మీకు అనుగ్రహించును గాక. ఆమేన్.